కంటికి ‘లేజర్’ చేయించుకోవాలా? రెప్పల్లోని నూనె గ్రంథులు, పొడి కళ్లు, మనం తెలుసుకోవాల్సిన సంగతులు



పొద్దున లేవగానే కళ్లలో ఇసుక పడినట్టు గరగర. సాయంత్రానికి మంట. ల్యాప్‌టాప్ ముందు అరగంట కూర్చుంటే అక్షరాలు మసకబారడం, నాలుగుసార్లు రెప్పలు ఆర్పితే మళ్లీ తేటపడడం. ఈ మాటలు ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తున్నాయి. కంటి డాక్టర్ దగ్గరికి వెళితే “రెప్పల్లో నూనె గ్రంథులు మూసుకుపోయాయి, అందుకే కళ్లు పొడిబారుతున్నాయి” అంటున్నారు. కొన్ని చోట్ల “లేజర్ చేస్తాం, నాలుగు సిట్టింగుల్లో తగ్గిపోతుంది” అని ప్యాకేజీ కూడా చెబుతున్నారు. అక్కడితో ఆగకుండా “మా పాప కూడా కళ్లు నులుముకుంటోంది, తనకూ చేయించవచ్చా?” అని అడిగే తల్లిదండ్రులూ ఉన్నారు.

ఈ నెల ఆరోగ్య పేజీలో ఆ చికిత్స గురించి వివరంగా తెలుసుకుందాం. ముందుగా మూడు ముఖ్యమైన మాటలు. ఒకటి, అందరూ లేజర్ అంటున్న ఈ చికిత్స నిజానికి లేజర్ కాదు. రెండు, ఇది కొందరు పెద్దవాళ్లకు బాగా ఉపయోగపడుతుంది, కానీ ఇంట్లో చేసుకునే చికిత్స తర్వాతే దీని వంతు. మూడు, మన చర్మం రంగును చూసుకోకుండా చేస్తే ముఖం కాలే ప్రమాదం ఉంది. ఈ మూడూ ఎందుకో అర్థమైతే, డబ్బు కట్టే ముందు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

కన్నీటిని కాపాడే నూనె

కన్నీళ్లంటే ఉప్పునీళ్లే అనుకుంటాం. కానీ కంటి మీద ఎప్పుడూ పరుచుకుని ఉండే కన్నీటి పొరలో మూడు పదార్థాలు ఉంటాయి. కంటిని అంటిపెట్టుకుని సన్నని జిగురు ఉంటుంది. దాని మీద నీరు. అన్నిటికంటే పైన చాలా పలచటి నూనె పొర. దాని మందం మన తల వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు మాత్రమే. అంత పలచగా ఉన్నా దాని పని పెద్దది. ఆవకాయ జాడీలో పైన తేలే నూనె కింద ఉన్న ముక్కకు గాలి తగలకుండా కాపాడుతుంది కదా, ఇది కూడా కింద ఉన్న కన్నీరు గాలికి ఆరిపోకుండా అలాగే కాపాడుతుంది.

ఈ నూనెను తయారుచేసేవి మన రెప్పల్లోనే ఉన్న సన్నని గ్రంథులు. పై రెప్పలో సుమారు 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 వరకు ఉంటాయి. రెప్ప లోపల దువ్వెన పళ్లలా నిలువుగా, పక్కపక్కనే ఉంటాయి. వాటి నోళ్లు వెంట్రుకల వరసకు కొంచెం వెనక, రెప్ప అంచున తెరుచుకుంటాయి. జర్మనీకి చెందిన వైద్యుడు హైన్రిచ్ మైబోమ్ 1666లో వీటిని వివరించాడు. అందుకే వీటిని మైబోమియన్ గ్రంథులు అంటారు. మనం రెప్ప కొట్టిన ప్రతిసారీ ఆ ఒత్తిడికి కొద్దిగా నూనె బయటికి వచ్చి కంటి మీద పరుచుకుంటుంది.

నెయ్యి పేరుకున్నట్టు

ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలోని నూనె శరీరపు వేడికి పలచగా, తేటగా ఉంటుంది. గ్రంథి పనితీరు దెబ్బతింటే అదే నూనె చలికాలంలో నెయ్యి పేరుకున్నట్టు చిక్కబడుతుంది. కొందరిలో టూత్‌పేస్ట్ అంత గట్టిగా కూడా మారుతుంది. అప్పుడు గ్రంథి నోరు మూసుకుపోతుంది. బయటికి రాలేని నూనె లోపలే నిలిచిపోతుంది, రెప్ప అంచు ఎర్రబడుతుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే గ్రంథి క్రమంగా కుంచించుకుపోతుంది. పూర్తిగా కుంచించుకుపోయిన గ్రంథిని మళ్లీ మామూలు స్థితికి తీసుకురావడం చాలా కష్టం. “కళ్ల మంటే కదా” అని నిర్లక్ష్యం చేయకూడదనేది ఇందుకే.

చాలామందికి ఒక సందేహం వస్తుంది: “నా కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, పొడిబారాయంటారేమిటి?” నూనె పొర లేక కన్నీరు త్వరగా ఆరిపోతే కంటికి చురుక్కుమంటుంది. దాంతో కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. ఆ నీటికి పైన నూనె కాపలా ఉండదు కాబట్టి అదీ నిలవదు. కారిపోతుంది లేదా ఆరిపోతుంది. ఏసీ గదిలో, బండి మీద గాలికి కళ్ల నీళ్లు కారడం పొడి కళ్లకు గుర్తు కావచ్చు.

పొడి కళ్లతో బాధపడేవారిలో ఎక్కువమందిలో ఈ నూనె గ్రంథుల లోపం ఎంతో కొంత కనిపిస్తుంది. దానికి కారణాలు ఇవి:

- వయసు పెరగడం, మహిళల్లో నెలసరి ఆగిపోయే వయసులో హార్మోన్ల మార్పు.
- స్క్రీన్ ముందు గంటల తరబడి కూర్చోవడం. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్పలు ఆర్పుతాం. స్క్రీన్ చూస్తున్నప్పుడు అది సగం కంటే తక్కువకు పడిపోవచ్చు. కొట్టిన రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు. రెప్పలు ఒకదానికొకటి తాకకపోతే గ్రంథి మీద ఒత్తిడి పడదు, నూనె బయటికి రాదు.
- రెప్ప లోపలి అంచున కాటుక, ఐలైనర్ పెట్టడం. గ్రంథుల నోళ్లు తెరుచుకునేది సరిగ్గా అక్కడే.
- కాంటాక్ట్ లెన్సులు ఎక్కువ కాలం వాడటం.
- రెప్పల అంచున చుండ్రులాంటి పొట్టు, వాపు.
- మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ మాత్రలు. ఇవి చర్మంలో నూనెను తగ్గించినట్టే రెప్పల్లోని నూనె గ్రంథులనూ దెబ్బతీయగలవు. ఇంటర్, డిగ్రీ వయసు పిల్లలకు ఈ మాత్రలు రాసినప్పుడు కళ్ల సంగతి చర్మ వైద్యుల్ని తప్పక అడగండి.

డాక్టర్ గారు ఏం చూస్తారు?

“పొడి కళ్లు” అని మాటతో తేల్చేసి చికిత్స మొదలుపెట్టకూడదు. కన్నీరు తక్కువ తయారవుతోందా, తయారైన కన్నీరు త్వరగా ఆరిపోతోందా అన్నది ముందు తేలాలి. రెండూ కలిసి కూడా ఉండవచ్చు. ఇందుకు మామూలుగా చేసే పరీక్షలు నాలుగు.

మొదటిది, కింది రెప్పలో చిన్న కాగితపు పట్టీ పెట్టి 5 నిమిషాల్లో ఎంత పొడవు తడిసిందో చూడటం. 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ తడిస్తే నీరే తక్కువని అనుమానిస్తారు. రెండోది, కంట్లో పసుపు రంగు చుక్క వేసి, రెప్ప ఆర్పకుండా ఉంచితే కన్నీటి పొర ఎన్ని సెకన్లకు విడిపోతుందో చూడటం. 10 సెకన్ల లోపే విడిపోతే పొర నిలకడగా లేదని అర్థం. మూడోది, రెప్పను మెల్లగా నొక్కి నూనె తేటగా వస్తోందా, చిక్కగా వస్తోందా, అసలు రావడం లేదా అని చూడటం. నాలుగోది మైబోగ్రఫీ. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో రెప్ప లోపలి వైపు ఫొటో తీస్తే, ఎన్ని గ్రంథులు మిగిలాయో, ఎన్ని కుంచించుకుపోయాయో కనిపిస్తుంది.

ఈ పరీక్షలన్నీ లేకపోయినా కనీసం రెప్ప అంచులు, నూనె, కన్నీటి పొర చూడకుండా ఎవరైనా నేరుగా ‘లేజర్’ అంటే, అక్కడ కాస్త ఆగడం మంచిది.

ముందు చేయాల్సింది: కాపడం

పేరుకున్న నెయ్యిని కరిగించడానికి ఏం చేస్తాం? కాస్త వేడి చూపిస్తాం. రెప్పలకూ అదే మొదటి వైద్యం. 2017లో ప్రపంచవ్యాప్తంగా నిపుణులు కలిసి తయారుచేసిన పొడి కళ్ల నివేదికలోనూ చికిత్స మెట్లు మెట్లుగానే ఉంది. మొదటి మెట్టులో జీవనశైలి మార్పులు, కాపడం, రెప్పల శుభ్రత, కన్నీటి చుక్కలు ఉన్నాయి. వాటితో తగ్గకపోతే రెండో మెట్టు. వెలుగు చికిత్స వచ్చేది ఆ రెండో మెట్టులో.

కాపడం చాలామంది చేస్తారు గానీ సరిగ్గా చేసేవారు తక్కువ. పద్ధతి ఇది:

- శుభ్రమైన నూలు గుడ్డను వేడినీళ్లలో ముంచి పిండి, ముందు మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకోవాలి. వెచ్చగా హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు.
- మూసిన రెప్పల మీద 8 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. తడిగుడ్డ రెండు నిమిషాల్లోనే చల్లబడుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ముంచి పెట్టాలి. వేడి నిలిచే ఐమాస్కులు దొరుకుతాయి, అవీ వాడవచ్చు.
- వెంటనే శుభ్రమైన వేలితో పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి మెల్లగా రాయాలి. కంటిగుడ్డు మీద నొక్కకూడదు.
- తర్వాత డాక్టర్ చెప్పిన వైప్స్‌తో లేదా ద్రావణంతో రెప్ప అంచులు తుడవాలి.
- రోజుకు రెండుసార్లు, కనీసం నాలుగైదు వారాలు మానకుండా చేయాలి. తగ్గాక కూడా రోజుకు ఒకసారి కొనసాగించడం మంచిది.

దీనికి తోడుగా కన్నీటి చుక్కలు. రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. గ్రంథుల వాపు ఎక్కువగా ఉంటే డాక్టర్లు కొన్ని వారాల పాటు డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్ రాయవచ్చు. చేపనూనె మాత్రల గురించి చాలామంది అడుగుతారు. అమెరికాలో 535 మందిపై జరిగి 2018లో వెలువడిన పెద్ద పరిశోధనలో, ఏడాది పాటు రోజుకు 3000 మిల్లీగ్రాముల ఒమెగా-3 వాడినవారికి, ఆలివ్ నూనె మాత్రలు వాడినవారికి పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి వాటి మీదే ఆశ పెట్టుకుని కాపడం మానొద్దు.

ఒక హెచ్చరిక. కళ్లు ఎర్రబడ్డాయని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. వేసిన రోజే హాయిగా అనిపిస్తుంది. నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు రావచ్చు. పిల్లలకు ఇది మరీ ప్రమాదం. చీటీ లేకుండా ఏ చుక్కలూ వద్దు. ఆముదం, తేనె, చనుబాలు వంటివీ కంట్లో వేయవద్దు.

ఇంతకీ ఆ ‘లేజర్’ ఏమిటి?

దీని అసలు పేరు ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్. పొట్టిగా ఐపీఎల్. ఆ పేరు వినగానే మనకు క్రికెట్ గుర్తొస్తుంది గానీ, ఇక్కడ అర్థం వేరు: తీవ్రమైన వెలుగును క్షణకాలపు మెరుపులుగా ఇవ్వడం. లేజర్‌లో ఒకే రకం తరంగం ఉన్న వెలుగు సన్నని గీతలా వెళుతుంది. ఐపీఎల్‌లో జీనాన్ దీపం నుంచి అనేక రకాల తరంగాలు కలిసిన వెలుగు వస్తుంది. అక్కర్లేని తరంగాల్ని ఒక ఫిల్టర్ ఆపేస్తుంది. కళ్లద్దాలు పోవడానికి చేసే లాసిక్ లేజర్‌కూ దీనికీ ఏ సంబంధం లేదు. లాసిక్ నల్లగుడ్డు మీద చేస్తారు. ఐపీఎల్ వెలుగు కంట్లోకి అసలు వెళ్లకూడదు. అది పడేది కంటి కింద చర్మం మీద.

ఇది మొదట చర్మ వైద్యుల పరికరం. బుగ్గలు, ముక్కు ఎర్రబడి సన్నని రక్తనాళాలు కనిపించే రోజేషియా అనే చర్మ వ్యాధికి వాడేవారు. 2000ల తొలినాళ్లలో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో డాక్టర్ రోలాండో టోయోస్ ఒక సంగతి గమనించారు. ముఖానికి ఈ చికిత్స తీసుకున్నవారిలో కళ్ల పొడిదనం కూడా తగ్గుతోంది. అక్కడి నుంచి ఇది కంటి వైద్యంలోకి వచ్చింది.

వెలుగు ఏం చేస్తుంది? రెప్పల చుట్టూ వాపును పెంచే సన్నని రక్తనాళాల్లోని రక్తం ఆ వెలుగును పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ నాళాలు మూసుకుంటాయి. దాంతో వాపును రేపే పదార్థాలు రెప్పలకు చేరడం తగ్గుతుంది. ఆ వేడికి గ్రంథుల్లో చిక్కబడ్డ నూనె కొంత మెత్తబడుతుంది. రెప్పల వెంట్రుకల మొదళ్లలో ఉండే డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగులు కూడా తగ్గుతాయని భావిస్తున్నారు.

ఎలా చేస్తారు?

కుర్చీలో వెనక్కి వాల్చి, రెండు కళ్లకూ వెలుగు చొరబడని కవచాలు పెడతారు. ముఖానికి చల్లటి జెల్ రాస్తారు. ఒక చెవి దగ్గర మొదలుపెట్టి, కింది రెప్పల కిందుగా, ముక్కు మీదుగా రెండో చెవి దాకా ఒక్కో చోట ఒక్కో మెరుపు ఇస్తారు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమని, కాస్త వేడిగా అనిపిస్తుంది. తర్వాత మత్తు చుక్కలు వేసి, రెప్పల్ని చిన్న పరికరంతో నొక్కి గ్రంథుల్లో నిలిచిన నూనెను బయటికి తీస్తారు. ఈ నొక్కి తీయడం చాలా ముఖ్యం. అది లేకుండా మెరుపులు మాత్రమే ఇచ్చి పంపితే చికిత్స సగమే జరిగినట్టు. మొత్తం అరగంట లోపే అయిపోతుంది. అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు.

సాధారణంగా 2 నుంచి 4 వారాల వ్యవధితో నాలుగు సిట్టింగులు. మొదటి సిట్టింగుకే తేడా కనిపించకపోవచ్చు. నాలుగూ పూర్తయ్యాక ఉపశమనం కొన్ని నెలలు ఉంటుంది. చాలామందికి మధ్యమధ్యలో మళ్లీ ఒక సిట్టింగు అవసరమవుతుంది. అంటే ఇది ఒకసారి చేయించుకుంటే జీవితాంతం ఉండే చికిత్స కాదు. ఈ సంగతి ప్యాకేజీ కాగితంలో ఉండకపోవచ్చు.

ఎంతవరకు పనిచేస్తుంది?

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో మొదటిసారి ఒక ఐపీఎల్ యంత్రానికి, నూనె గ్రంథుల లోపం వల్ల వచ్చే పొడి కళ్లకు వాడేందుకు అనుమతి ఇచ్చింది. దానికి ఏడాది ముందు, 2020లో, వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కాక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను పరిశీలించి, గట్టి ఆధారాలు ఇంకా తక్కువగానే ఉన్నాయని చెప్పింది. ఆ తర్వాత మరిన్ని అధ్యయనాలు అనుకూలంగా వచ్చాయి. కన్నీటి పొర నిలిచే సమయం పెరగడం, నూనె తేటపడటం, మంట తగ్గడం కొందరిలో స్పష్టంగా కనిపించాయి.

రెండు వైపులా చూస్తే తేలేది ఇది. గ్రంథులు ఇంకా మిగిలి ఉండి, నూనె చిక్కబడి, కాపడం, చుక్కలు, మందులు నెలల పాటు సరిగ్గా వాడినా తగ్గని పెద్దవాళ్లకు ఇది మంచి అవకాశం. నీరే తక్కువగా తయారయ్యే పొడి కళ్లకు దీనితో పెద్ద ప్రయోజనం ఉండదు. గ్రంథులు చాలావరకు కుంచించుకుపోయాక చేయించుకుంటే ఫలితం పరిమితమే.

వెలుగు లేకుండా వేడితో చేసే మరో పద్ధతి కూడా ఉంది. రెప్ప లోపలి వైపు సుమారు 42.5 డిగ్రీల వేడి ఇస్తూ, బయటి నుంచి 12 నిమిషాలు మెల్లగా నొక్కే యంత్రానికి ఎఫ్‌డీఏ 2011లోనే అనుమతి ఇచ్చింది. ఇందులో చర్మం మీద మెరుపులు ఉండవు కాబట్టి చర్మం రంగుతో పని లేదు. ఐపీఎల్ సరిపడనివారు దీని గురించి అడగవచ్చు.

మన చర్మం రంగు సంగతి

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన భాగం. ఎఫ్‌డీఏ అనుమతిలోనే రెండు షరతులు ఉన్నాయి: వయసు 22 ఏళ్లు నిండాలి, చర్మం ఒకటి నుంచి నాలుగో రకం లోపల ఉండాలి.

ఈ రకాలేమిటి? ఎండకు చర్మం ఎలా కందుతుంది, ఎలా నల్లబడుతుంది అన్నదాన్ని బట్టి అమెరికా చర్మ వైద్యుడు థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో ఒక కొలత తయారుచేశారు. తర్వాత అది ఆరు రకాలకు విస్తరించింది. ఒకటో రకం ఎండకు కందిపోయే పాలిపోయిన తెలుపు. ఆరో రకం ముదురు నలుపు. మన తెలుగువాళ్లలో చాలామంది నాలుగు, అయిదు రకాల్లోకి వస్తారు. చామనఛాయ కంటే ముదురుగా ఉంటే అయిదో రకం కావడానికే అవకాశం ఎక్కువ.

రంగుకూ వెలుగుకూ సంబంధం ఏమిటంటే, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఈ వెలుగును పీల్చుకుంటుంది. రక్తనాళాలకు చేరాల్సిన వేడి పైచర్మంలోనే ఆగిపోతే బొబ్బలు రావచ్చు, తర్వాత నల్లటి లేదా తెల్లటి మచ్చలు మిగలవచ్చు. ముఖం మధ్యలో, కళ్ల కింద వచ్చిన మచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు. అనుభవం ఉన్న వైద్యులు మన చర్మానికి తగ్గట్టు శక్తిని తగ్గిస్తారు, ఫిల్టర్ మారుస్తారు, ముందు చిన్న చోట పరీక్షించి చూస్తారు. ముదురు చర్మమైతే వద్దని చెప్పడం కూడా మంచి వైద్యమే.

ఇదే పరికరాన్ని బ్యూటీ క్లినిక్కుల్లో వెంట్రుకలు తీయడానికి కూడా వాడతారు. కంటి కవచాలు లేకుండా రెప్పల దగ్గర ఈ వెలుగు వేయడం వల్ల కంటి లోపలి నల్లపాప కాలి, వాపు వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నల్లపాపలోనూ మెలనిన్ ఉంటుంది మరి. కంటి చుట్టూ ఈ చికిత్స కంటి వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి.

వీరు మరీ జాగ్రత్త పడాలి, లేదా మానుకోవాలి: గర్భిణులు, ఈమధ్య ఎండలో బాగా నల్లబడినవారు, ముఖం మీద పుండ్లు లేదా సర్పి ఉన్నవారు, లూపస్ ఉన్నవారు, కంటి చుట్టూ పచ్చబొట్టు లేదా శాశ్వత ఐలైనర్ వేయించుకున్నవారు, ఈమధ్యే కంటి ఆపరేషన్ అయినవారు. డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినోయిన్ వంటి మందులు చర్మాన్ని వెలుగుకు సున్నితం చేస్తాయి. మీరు వాడే మందులన్నీ డాక్టర్‌కు ముందే చెప్పండి. చికిత్స తర్వాత కొన్ని వారాలు సన్‌స్క్రీన్, టోపీ తప్పనిసరి. మన ఎండాకాలంలో చేయించుకోవాలంటే ఇంకోసారి ఆలోచించండి.

మరి పిల్లల సంగతి?

పిల్లలకు ఈ చికిత్స అడగవద్దు. ఆ అనుమతి 22 ఏళ్లు నిండినవారికే. పైగా పిల్లలు కళ్లు నులుముకోవడానికి కారణం చాలాసార్లు వేరే ఉంటుంది: అలర్జీ, కళ్లద్దాల అవసరం, నిద్ర చాలకపోవడం, గంటల కొద్దీ ఫోన్.

అయితే పిల్లల రెప్పల్లోనూ ఈ గ్రంథులు మూసుకుపోవచ్చు. మాటిమాటికీ కంటికురుపులు రావడం అందుకు ఒక గుర్తు. రెప్ప లోపల నొప్పి లేని గట్టి గడ్డ నెలల తరబడి ఉంటే అది మూసుకుపోయిన నూనె గ్రంథే కావచ్చు. దాన్ని గిల్లడం, పిండడం చేయకుండా వెచ్చటి కాపడం పెట్టి డాక్టర్‌కు చూపించండి. రెప్పలు మరీ ఎక్కువగా ఆర్పడం, పొద్దునే రెప్పలకు పుసి అంటుకోవడం, చదువుతున్నప్పుడు ఒక కన్ను మూసుకోవడం కూడా చూపించాల్సిన గుర్తులే.

వెలుతురు చూడలేకపోతుంటే, చూపు తగ్గితే, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయకండి. సాయంత్రం చీకటి పడగానే బిడ్డ తడుముకుంటుంటే, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలుంటే అది విటమిన్-ఎ లోపం కావచ్చు. దానికి వైద్యం వేరు, అదీ వెంటనే జరగాలి.

డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు

1. నాది నీరు తక్కువైన పొడిదనమా, నూనె గ్రంథుల లోపమా, రెండూనా?
2. నా గ్రంథులు ఎన్ని మిగిలాయి? ఫొటో చూపిస్తారా?
3. కాపడం, మందులు ఇంకా ఎంతకాలం ప్రయత్నించవచ్చు?
4. నా చర్మం ఏ రకం? ఈ రంగు చర్మానికి మీరు ఎంతమందికి చేశారు?
5. ముందు చిన్న చోట పరీక్షించి చూస్తారా?
6. ప్రతి సిట్టింగులో గ్రంథులు నొక్కి నూనె తీస్తారా?
7. రెండు సిట్టింగుల తర్వాత మార్పు లేకపోతే ఏం చేస్తారు? మిగతా డబ్బు తిరిగి ఇస్తారా?
8. ఆరు నెలల తర్వాత మళ్లీ చేయించుకోవాల్సి వస్తే ఖర్చు ఎంత?

ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పే వైద్యుల దగ్గర మీరు ధైర్యంగా నిర్ణయం తీసుకోవచ్చు. “ఈరోజే కడితే డిస్కౌంట్” అన్న మాట వినిపిస్తే ఇంటికి వచ్చి ఆలోచించుకోండి. రెప్పల గ్రంథులు ఒక్క రాత్రిలో పాడైపోవు. ఒక వారం ఆగి ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకుంటే నష్టమేమీ లేదు.

ఈ నెల నుంచే ఇంట్లో

- స్క్రీన్ ముందు ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడండి. ఆ 20 సెకన్లలో పది సార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. పిల్లలతో ఆటలా చేయించవచ్చు.
- ల్యాప్‌టాప్ తెర కంటి మట్టం కంటే కొంచెం కిందికి ఉండాలి. తల ఎత్తి చూస్తే కన్ను ఎక్కువ తెరుచుకుని త్వరగా ఆరిపోతుంది.
- ఏసీ, కూలర్, ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలకుండా మంచం, చదువుకునే బల్ల జరపండి.
- బండి మీద వెళ్లేటప్పుడు హెల్మెట్ అద్దం దించుకోండి. ముందు కూర్చున్న పిల్లలకు కళ్లజోడు పెట్టండి.
- కాటుక రెప్ప లోపలి అంచున పెట్టవద్దు. పడుకునే ముందు కంటి మేకప్ పూర్తిగా తీసేయండి. పసిపిల్లల కళ్లకు కాటుక వద్దు.
- ఇంట్లో ఒకరికి ‘పొడి కళ్లు’ అని తేలితే వారి చుక్కల సీసా ఇంకొకరు వాడవద్దు.

మీ అబ్బాయి లేదా అమ్మాయి క్లాసులో ఏసీ గాలికి ఎదురుగా కూర్చుంటున్నా, డిజిటల్ బోర్డు చూస్తూ కళ్లు నులుముకుంటున్నా డైరీలో ఒక మాట రాసి పంపండి. సీటు మార్చడానికి టీచర్‌కు ఆ ఒక్క మాట చాలు. డాక్టర్ చుక్కలు రాసి ఉంటే, స్కూలు సమయంలో ఎప్పుడు వేయాలో చీటీతో పాటు తెలియజేయండి.